మూడు మలుపుల దాకా

తుప్పు పొట్టు మెట్టు మీద రాలుతోంది. రంగులాయన తీగబ్రష్షును ఇనుప కమ్మీ మీద ఇటూ అటూ నాలుగుసార్లు లాగి, బొటనవేలితో తడిమి చూశాడు. ఇంకా గరుకు తగులుతోంది. మళ్ళీ నాలుగుసార్లు లాగాడు. ఆ వేలికి కన్నున్నట్టే ఉండేది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిన రోజున కూడా పని ఆగేది కాదు.

ఊరంతా మెట్లే. కింద పడవల రేవు, పైన లైట్‌హౌస్, మధ్యలో కొండకి అతుక్కున్న ఇళ్ళు. ఆ ఇళ్ళ మధ్య, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఒత్తిగిలాల్సిన సందులు. ప్రతి సందుకీ మెట్లు, మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ. ఆ కమ్మీలకి రంగు వేయడం ఆయన ఉద్యోగం. తుప్పు గీకాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, గుడ్డతో తుడవాలి. ఎర్ర పూత ఒకటి, అది ఆరాక పచ్చ పూత రెండు. రేవు దగ్గర మొదలుపెడితే అన్ని సందులూ ముగించుకుని లైట్‌హౌస్ చేరడానికి పదకొండు నెలలు పట్టేది. అప్పటికి ఉప్పుగాలి రేవు దగ్గరి కమ్మీని మళ్ళీ తినేసి ఉండేది. బ్రష్షు కిరోసిన్‌లో కడుక్కుని, కిందికి దిగి, మళ్ళీ మొదటి మెట్టు దగ్గర కూర్చునేవాడు. ఇలా ఊరెక్కడం ఇది ఇరవై తొమ్మిదోసారి.

సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి డబ్బా మోసి ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. గోళ్ళ చుట్టూ పచ్చరంగు ఎప్పుడూ పోయేది కాదు. పెళ్ళిరోజున కూడా పోలేదని భార్య అందరికీ చెప్పేది. అరవై ఏళ్ళు నిండాయి. మాటలు తక్కువ. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా అని బావమరిది ఎద్దేవా చేస్తే, రాలితే మళ్ళీ ఏరుకోవాలి కదా అన్నట్టు చూసి ఊరుకునేవాడు.

ఎనిమిదింటికి డబ్బా మీద మూత పెట్టి టీకి వెళ్ళాడు.

టీ బావమరిది లాడ్జిలో. ఆరు గదుల లాడ్జి. వీధిలోకి తెరుచుకునే కింది గదిలో రంగులాయన భార్య పక్కల మీద పరిచే దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. తమ్ముడి లాడ్జి అయినా ఆవిడ జీతం జీతమే, తిట్లు తిట్లే. బావమరిది గుమ్మంలో స్టూలు వేసుకుని, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, ఫోన్‌లో ఊరి గురించి వచ్చిన రివ్యూలు చదువుతుంటాడు. రోజూ ఇదే పని. వచ్చిపోయిన వాళ్ళు ఊరిని ఏదో ఒకటి అంటారు. ఆయన ఒక్కొక్కరికీ జవాబు ఇస్తాడు. తన లాడ్జిని అంటే ఊరుకుంటాడు గానీ ఊరిని అంటే ఊరుకోడు.

"విను బావా. 'మెట్లు మరీ ఎక్కువ. ముందే చెప్పి ఉండాల్సింది.' రెండు స్టార్లు. కొండ ఎక్కి మెట్లున్నాయంటాడేంటి. సముద్రంలో దిగి తడిగా ఉందనేలా ఉన్నాడు."

"ఏం రాశావు?" అని అడిగింది అక్క, ఇస్త్రీ పెట్టె ఆపకుండా.

"'మీరు వెళ్ళాక మెట్లు తీసేశాం, ఈసారి ధైర్యంగా రండి' అని రాశాను."

"నీ నోరు తగలెయ్య. అందుకే నీ గదులు నిండవు."

"కమ్మీ ఊగుతోందని ఏమైనా రాశాడా?" అన్నాడు రంగులాయన.

"లేదు బావా. కమ్మీ జోలికి ఎవరూ రాలేదు."

రంగులాయన తల ఊపి టీ ఊదుకున్నాడు. ఊరిని వెనకేసుకురావడంలో ఆయన పద్ధతి వేరు. ఎవరో ఒకావిడ తడి రంగు అంటుకుని కొత్త బట్టలు పాడయ్యాయని రాసినప్పుడు బావమరిది "కళ్ళు సముద్రం మీద కాదు, చేతి మీద పెట్టుకోవాలి" అని జవాబిచ్చాడు. రంగులాయన ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళి పాత తెల్ల పంచె చింపి పీలికలు చేసుకున్నాడు. ఆ రోజు నుంచి రంగు వేసినచోటల్లా జానెడుకొక పీలిక కట్టేవాడు. మూడో సందులో దీపం వెలగడం లేదని ఎవరో రాస్తే, రాసింది నిజమేనా అని సాయంత్రం వెళ్ళి చూసి, నిజమైతే దీపాలవాడి ఇంటి ముందు నిలబడేవాడు. నిలబడటమే. దీపాలవాడు ఆ నిలబడటం భరించలేక నిచ్చెన పట్టుకుని బయల్దేరేవాడు.

"ఇంకోటుంది" అన్నాడు బావమరిది. ఈసారి గొంతులో వెటకారం లేదు. "రాత్రి నుంచి దీన్నే చదువుతున్నాను."

చదివాడు.

"'ఈ ఊరికి రావద్దు. మేమిద్దరం ఆడవాళ్ళం. మంగళవారం సాయంత్రం ఒక ముసలాయన్ని దారి అడిగాం. చెప్పాడు. తర్వాత మా వెనకే వచ్చాడు. మేం ఆగితే ఆగాడు. వెనక్కి తిరిగి చూస్తే గోడ వైపు చూశాడు. చేతిలో ఏదో ఇనుప వస్తువు ఉంది. దాంతో కమ్మీ మీద కొడుతూ వచ్చాడు. పరుగెత్తాం. ఆడవాళ్ళు తిరగాల్సిన ఊరు కాదు ఇది.' ఒక్క స్టారు. కింద నూటపది మంది, చెప్పినందుకు థాంక్స్ అని పెట్టారు బావా. పొద్దున్నే నాకు రెండు గదులు రద్దయ్యాయి. పై లాడ్జి ఆవిడకి నాలుగు."

టీ గ్లాసు రంగులాయన పెదవి దగ్గరే ఆగింది.

"పచ్చి అబద్ధం. నేను రాసేశాను, విను. 'మా ఊళ్ళో అలాంటి మనిషి లేడు. వేరే ఊరు చూసి మా ఊరనుకుని ఉంటారు.' నొక్కేస్తున్నా."

"నేనే" అన్నాడు రంగులాయన.

"ఏంటి నువ్వే?"

"ఆ ముసలాయన."

బావమరిది వేలు గాల్లో ఆగిపోయింది. ఇస్త్రీ పెట్టె దుప్పటి మీద ఆగిపోయింది. మాడువాసన వచ్చాక గానీ ఆవిడ దాన్ని ఎత్తలేదు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా దారి అడిగితే చెప్పి ఊరుకోరు. చెప్పినవాళ్ళు పది మెట్లు ఎడం ఇచ్చి వెనకే నడుస్తారు, మూడు మలుపుల దాకా. సందులన్నీ ఒకేలా ఉంటాయి. మూడు మలుపులు సరిగ్గా తిరిగితే ఇక దారి తప్పడం ఉండదు. వచ్చినవాళ్ళు తప్పు సందులోకి తిరగబోతే, చేతిలో ఏది ఉంటే దాంతో కమ్మీ మీద టంగుమని కొడతారు. అటు కాదు అని. వాళ్ళు సరైన సందు పట్టాక వచ్చిన దారినే వెళ్ళిపోతారు. ముందు నడవరు. ఊరికొచ్చినవాళ్ళు చుట్టాలు, చుట్టాలు ముందుండాలి, సముద్రం మొదట వాళ్ళకే కనిపించాలి. చెప్పి కూడా నడవరు. చెబితే వాళ్ళు మొహమాటపడి వద్దంటారు. ఇది ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. వెనక నడిచేవాళ్ళు మర్యాదకి గోడ వైపు చూస్తారు.

రంగులాయన ఈ ఊళ్ళో పుట్టినవాడు కాదు. పదకొండేళ్ళప్పుడు, వానలు లేని చోటి నుంచి, ఒక మూటతో పడవ దిగాడు. బాబాయి ఇంటికని వచ్చాడు. రేవులో వల బాగుచేస్తున్న ఒకావిడని దారి అడిగాడు. ఆవిడ చేత్తో చూపించింది. రెండో మలుపులో తప్పు సందులోకి తిరిగాడు. వెనక టంగుమంది. తిరిగి చూస్తే ఆవిడ, చేతిలో వల అల్లే కర్ర సూది. అటు కాదు, ఇటు అని గడ్డంతో చూపించింది. మూడో మలుపు దాటాక చూస్తే లేదు. బాబాయి అంతకు నెల ముందే ఊరు వదిలి వెళ్ళిపోయాడని తలుపు తట్టాక తెలిసింది. అయినా ఆ పూట ఆ పిల్లవాడికి ఏడుపు రాలేదు. ఈ ఊళ్ళో మన వెనక ఎవరో ఉంటారు అనిపించింది. ఆ సాయంత్రం మళ్ళీ రేవుకి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఏమీ అడగకుండా వల రెండో కొస చేతికిచ్చి పట్టుకోమంది. ఆ ఊరు ఆయనకి పని ఇచ్చింది, పెళ్ళాన్ని ఇచ్చింది, వాగే బావమరిదిని ఇచ్చింది. నలభై తొమ్మిదేళ్ళయింది.

"రెండో మలుపులో తప్పు సందు పట్టారు" అన్నాడు రంగులాయన. "కొట్టాను. ఇంకా తొందరగా అటే వెళ్ళారు. మళ్ళీ కొట్టాను."

"చేతిలో ఏముంది?"

"తుప్పు గీకే ఇనుప బద్ద."

బావమరిది నెత్తి పట్టుకున్నాడు. "ఊరి తరఫున నేనిక్కడ యుద్ధం చేస్తుంటే, నువ్వొచ్చి దొంగని నేనే అంటావేంటి బావా. సరే, తప్పేముంది ఇందులో. 'మీకు మర్యాద తెలీదు, మా ఊళ్ళో దీన్ని గౌరవం అంటారు' అని రాస్తాను."

"ఒరే తమ్ముడూ" అంది అక్క. మాడిన దుప్పటిని మడిచి పక్కన పెడుతోంది. "తెలియని ఊళ్ళో, పొద్దు వాలే వేళ, వెనకాల మాట్లాడని మనిషి ఇనుము వాయించుకుంటూ వస్తే నేనూ పరుగెత్తేదాన్నే. వాళ్ళు రాసినదాంట్లో ఒక్క అబద్ధం చూపించు."

బావమరిది ఫోను వైపు చూశాడు. తను రాసిన జవాబు చెరిపేశాడు.

రంగులాయన మిగిలిన టీ తాగేసి గ్లాసు అడుగు చూశాడు. ఎప్పుడూ వేరేవాళ్ళు రాసింది విని, నిజమైతే వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. ఈసారి బాగుచేయాల్సింది తననే. తనని తిట్టినా ఫరవాలేదు. కానీ ఆ మాట ఊరి పేరు పక్కన ఉంది. తిండి పెట్టిన ఊరి పేరు పక్కన.

"రాయి" అన్నాడు.

"చెప్పు."

"ఆ మనిషిని నేనే. మీరు తప్పు సందు పట్టారని కొట్టాను. చెప్పి రావాల్సింది. చెప్పలేదు. తప్పు నాది, ఊరిది కాదు."

బావమరిది టైపు చేస్తున్నాడు. "ఇంకా?"

"ఆ సందు చివర మెట్లు విరిగి ఉన్నాయి. క్షేమంగా చేరారా?"

బావమరిది టైపు చేయడం ఆపి బావ మొహం చూశాడు. "పంచాయతీ ఆఫీసులో పెద్దలు చూస్తే నీకు నోటీసొస్తుంది, తెలుసా. ఇంకో ఏడాది ఉద్యోగం ఉంది."

"చూడనీరా."

"కింద ఏ పేరు పెట్టను?"

"కమ్మీలకి రంగేసేవాడు అని పెట్టు."

నొక్కాడు. భార్య రంగులాయన చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "ఇక మీదట ముందు నడవండి" అంది. "మూతి కనిపిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం మీ మూతి చూశాక వస్తుందనుకోండి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి మాత్రమే నవ్వుగా తెలిసేది.

పదకొండు దాటాక రేవులో పడవ ఆగింది. రంగులాయన మూడో కమ్మీకి ఎర్ర పూత వేస్తున్నాడు. ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, భుజాన సంచి, గట్టి చెప్పులు. ఒంటరిగా ఉంది. ఆయనకి నాలుగు మెట్ల కింద ఆగి, ముందు వెనక్కి ఒకసారి చూసుకుని అప్పుడు అడిగింది.

"లైట్‌హౌస్‌కి ఇటేనాండీ?"

ఆయన చెయ్యి ఎత్తాడు. మొదట ఎడమ, తర్వాత కుడి, మళ్ళీ కుడి. చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేదు. బ్రష్షును డబ్బా మీద అడ్డంగా పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని లేచాడు.

"నేను ముందు నడుస్తానమ్మా. మీరు వెనక రండి."

ముందు నడవడం ఆయనకి చేతకాలేదు. వెనక నడిచేటప్పుడు చుట్టం కళ్ళ ముందే ఉంటారు. ముందు నడిస్తే వస్తున్నారో లేదో తెలియదు, పది మెట్లకోసారి తిరిగి చూడాలి. వేగం ఎంతో తెలియదు. ఆవిడ చురుకైన నడక. తన వల్ల ఆవిడ ఆగిపోకూడదని ఆయన అడుగు పెంచాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ కొండని గంటకి రెండు గజాల చొప్పున ఎక్కిన మనిషి.

"నేను లెక్కల టీచర్నండీ" అంది ఆవిడ వెనక నుంచి. "మెట్లు లెక్కపెడుతున్నాను. నూట నలభై అయ్యాయి. ఇంకా ఎన్ని?"

"నాలుగొందల పన్నెండు."

"మొత్తమా, ఇంకానా?"

"మొత్తం."

"బతికించారు."

మూడో మలుపు వచ్చింది. ఇక్కడ ఆగిపోవడం ఆయన అలవాటు. వెనక ఉన్నవాడు ఎక్కడైనా చప్పుడు లేకుండా ఆగిపోవచ్చు. ముందున్నవాడికి అది కుదరదని అప్పుడు తెలిసింది. ముందు నడిచినవాడు చేర్చాలి. ఆయన ఆగలేదు.

"ఒకటి అడగనా? ఇక్కడ ఒక ముసలాయన వెనక పడతాడని ఫోన్‌లో చదివాను. మా చెల్లెలు వెళ్ళొద్దు అంటే వెళ్ళొద్దు అంది. నిజమేనా?"

ఆయన ఒక మెట్టు మీద నిలబడి ఊపిరి కూడదీసుకున్నాడు.

"నిజమేనమ్మా. ఇక పడడు."

"పట్టుకున్నారా?"

"నేనే."

ఆవిడ ఆగిపోయింది. ఆయన గోడ వైపు చూడబోయి, ఆ అలవాటే కదా కొంప ముంచింది అని గుర్తొచ్చి, ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ ఆయన చేతులు చూసింది, పచ్చ గోళ్ళు చూసింది, కిందికి వాలిన భుజం చూసింది. ఆయన మూడు మలుపుల సంగతి చెప్పాడు. జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆవిడ వింటూ మెట్టు మీద కూర్చుండిపోయి, చివరికి నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"మా బళ్ళో కొత్త పిల్లలకి ఇలా వెనక నడిచేవాళ్ళుంటే ఎంత బాగుండేది" అంది. "కాసేపు కూర్చుంటారా?"

"మీరు అలిసిపోతే కూర్చుందాం."

"నేనా? నాకేం, బాగానే ఉన్నాను. మీ ఇష్టం."

ఆవిడ ఆయన కోసం అంది. ఆయన ఆవిడ కోసం కదిలాడు. ఇద్దరూ మర్యాదకి ఎక్కారు.

నాలుగొందల పన్నెండో మెట్టు దగ్గర ఇళ్ళు అయిపోయి ఆకాశం వచ్చింది. గాలి ఒక్కసారిగా మీద పడింది. ఆయన పక్కకి తప్పుకుని ఆవిడని ముందుకి పొమ్మని చెయ్యి చూపించాడు. ఎంతైనా సముద్రం మొదట చుట్టానికే కనిపించాలి.

ఆవిడ కమ్మీ దాకా వెళ్ళి సముద్రం చూసింది. తర్వాత సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. "తాగండి. చెమటలు పోస్తున్నాయి. నేను పైదాకా ఎక్కి వచ్చేస్తాను. ఉంటారుగా? దిగేటప్పుడు దారి నేను చెబుతాను, మీరు సరిచేద్దురు గాని."

"ఉంటానమ్మా."

రెండు గుక్కలు తాగాడు. సీసా పక్కన పెట్టాడు.

"మీరు వచ్చారు" అన్నాడు. ఇంకేదో అనాలనుంది. మాట వెతుక్కున్నాడు. "సంతోషం."

ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆయన కమ్మీకి ఆనుకుని కూర్చున్నాడు. కింద ఊరు మొత్తం కనిపిస్తోంది. పదకొండు నెలలకోసారి ఇక్కడికి వచ్చినా, ఎప్పుడూ మొహం ఇనుము వైపే. ఇలా వీపు ఇనుముకి ఆనించి చూడటం ఎప్పుడూ జరగలేదు. సందు సందుకీ సన్నటి పచ్చ గీత దిగుతోంది, మలుపు తిరిగి కనుమరుగై మళ్ళీ కింద తేలుతోంది. ప్రతి గజం ఆయన చేతికి తెలుసు. ఎవరెవరో దాన్ని పట్టుకుని ఎక్కుతున్నారు. రేవులో ఇంకో పడవ నుంచి జనం దిగుతున్నారు, తలలు పైకెత్తి, దారి తెలియక. ఎవరో ఒకరు చెబుతారు. ఎవరో ఒకరు వెంట నడుస్తారు. ఎండకి కమ్మీ వెచ్చగా ఉంది. ఆయన దాని మీద అరచెయ్యి వేసి ఉంచాడు. గుండెలో బరువుగా ఉన్నది నెమ్మదిగా భుజంలోకి దిగింది, ఎప్పుడూ డబ్బా మోసే భుజంలోకి. డబ్బా మూత పెట్టానా లేదా అనుకున్నాడు.

టీచరు అరగంట తర్వాత దిగి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర చెడగొట్టడం ఎందుకని పక్కనే కూర్చుంది. పావుగంట అలాగే ఉంది. గాలికి ఆయన జుట్టు కదులుతోంది, ఛాతీ కదలడం లేదు. అప్పుడు చెయ్యి పట్టుకుని చూసింది.

ఆవిడ కేకలు వేయలేదు. కిందికి దిగుతున్న వాళ్ళని పిలిచి చెప్పి పంపించి, మళ్ళీ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఎండ మొహం మీద పడకుండా తన సంచి అడ్డం పెట్టింది.

భార్య బావమరిది కన్నా ముందే ఎక్కి వచ్చింది. ఆయన మొహం చూసి, భుజం సరిచేసి, అప్పుడు టీచరు వైపు తిరిగింది. జరిగింది టీచరు చెప్పింది. నన్ను చేర్చడానికి ఇంత పైకి ఎక్కారు, నావల్లే అంది.

"అలా అనకమ్మా. ముందు నడవమన్నది నేనే" అంది భార్య. "ఆయన పక్కన ఎవరో ఒకరున్నారు. అది చాలు. నీకు పుణ్యముంటుంది" అని టీచరు రెండు చేతులూ పట్టుకుంది.

కిందికి తీసుకువెళ్ళేటప్పుడు నలుగురు మోశారు. ఊళ్ళోవాళ్ళు ఒక్కరూ ముందు నడవలేదు. అందరూ వెనక, పది మెట్లు ఎడం ఇచ్చి నడిచారు. మూడు మలుపులు దాటినా ఎవరూ వెనక్కి తిరగలేదు.

మూడో రోజు పొద్దున బావమరిది గుమ్మంలో స్టూలు వేసుకున్నాడు. ఫోను జేబులోనే ఉంచాడు. అక్క తీయమంటే తీశాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు స్టారు మార్చలేదు. రాసింది తీసేయలేదు. ఆయన జవాబు కింద మాత్రం రాశారు.

"చేరాం. మీరెలా ఉన్నారు?"

బావమరిది ఫోను అక్క వైపు చాపాడు. అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి, ఫోను తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. "ఆయన ఈ ఊళ్ళోనే ఉండిపోయారు. అడిగినందుకు మీరు చల్లగా ఉండాలి. ఈసారి వస్తే మా ఇంట్లో దిగండి."

లైట్‌హౌస్ దగ్గర, చివరి మెట్టు పక్కన, టీచరు ఇచ్చిన నీళ్ళ సీసా అలాగే నిలబడి ఉంది, మూత గట్టిగా బిగించి, రెండు గుక్కలు తక్కువగా.